ప్యాడ్ నిండిందని ఆగిపోయిన ఇంక్ ట్యాంక్ ప్రింటర్: ఏడేళ్ల వాడకం తర్వాత

2018 జూన్‌లో కొన్నాను. పదో తరగతి పిల్లలకు ఇంటి దగ్గర లెక్కలు చెబుతాను కాబట్టి రోజుకు ముప్పై, నలభై పేజీల ప్రశ్నపత్రాలు తీయాలి. వేగం, రంగులు, వైఫై సంగతులు దుకాణంలో ఎవరైనా చెబుతారు. ఇంకు ఖర్చు గురించి ఒక మాట చెప్పాలి. అంతకుముందు వాడిన కార్ట్రిడ్జ్ ప్రింటర్ నా నెల సంపాదనలో చెప్పుకోదగ్గ భాగం మింగేసేది. దీంట్లో నల్ల ఇంకు సీసా ఒకసారి పోస్తే నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదు. ఆ సంతోషంతోనే మా బంధువులలో ముగ్గురి చేత ఇదే కొనిపించాను.

2023 ఫిబ్రవరిలో, ప్రీ ఫైనల్ పరీక్షలకు ముందు రోజు రాత్రి, సగం పేపర్లు తీశాక రెండు ఎర్ర దీపాలు మార్చి మార్చి వెలగసాగాయి. ఇంక్ ప్యాడ్ సేవాకాలం ముగిసింది, సర్వీస్ సెంటర్‌ను సంప్రదించండి అని కంప్యూటర్ తెర మీద వచ్చింది. ట్యాంకులు నిండుగా ఉన్నాయి, కాగితం ఎక్కడా ఇరుక్కోలేదు. ఆపి మళ్లీ వేసినా అదే. పోనీ, చేత్తో రాసిన పేపరును స్కాన్ చేసి పిల్లల ఫోన్లకు పంపుదామంటే స్కానర్ కూడా మొరాయించింది. నాకు ఒళ్లు మండింది అక్కడే. స్కాన్ చేయడానికి చుక్క ఇంకు అక్కర్లేదు. ఇంకుకు సంబంధించిన కారణం చూపి దాన్ని కూడా ఆపేయడాన్ని నేను ఈ రోజుకీ క్షమించలేకపోతున్నాను.

సర్వీస్ సెంటర్‌లో 2,800 రూపాయలు, పది రోజులు అన్నారు. ప్యాడ్ ఇవ్వండి, నేనే మార్చుకుంటానన్నాను. "మీరు మార్చినా ప్రింటర్ ఒప్పుకోదు మేడం, లోపల లెక్క చెరపాలి, ఆ ప్రోగ్రామ్ మా దగ్గరే ఉంటుంది" అన్నాడు అక్కడి అబ్బాయి. చాలా మర్యాదగానే చెప్పాడు.

పరీక్షలు పది రోజులు ఆగవు కదా. ప్రింటర్‌ను ఆటోలో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాను. రెండు మూడు దుకాణాలు తిరిగాక ఒక పెద్దాయన నా ఎదుటే స్క్రూలు విప్పి చూపించాడు. ఇంకు వచ్చే రంధ్రాలు ఎండిపోకుండా ప్రింటర్ అప్పుడప్పుడు హెడ్‌ను కడుక్కుంటుంది. ఆ కడిగిన ఇంకు అడుగున ఒక స్పాంజి లాంటి మెత్తలోకి పోతుంది. అదే ప్యాడ్. అది ఎంత తడిసిందో కొలిచే సాధనం ఇందులో లేదు. ఎన్నిసార్లు కడిగిందో లెక్కగట్టి, ఆ అంకెను బోర్డు మీది మెమరీలో దాచుకుంటుంది. అంకె హద్దు దాటగానే అంతా బంద్. "చూడండమ్మా" అని ఆయన తీసిన ప్యాడ్ ఒక చివర నల్లగా నానిపోయి ఉంది, రెండో చివర ఇంకా తెల్లగానే ఉంది.

హెచ్చరిక తప్పని నేను అనను. ప్యాడ్ పొంగితే ఇంకు బల్ల మీదికి కారుతుంది, లోపలి బోర్డు పాడవుతుంది. కానీ ప్యాడ్ మార్చాక ఆ అంకెను సున్నా చేసుకునే వీలు డబ్బు పోసి కొన్న మనిషికి ఎందుకు ఉండకూడదు? ఆ పెద్దాయన పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కడో సంపాదించిన ప్రోగ్రామ్ నడిపితే రెండు నిమిషాల్లో దీపాలు ఆరిపోయాయి. కొత్త ప్యాడ్‌తో కలిపి 600 తీసుకున్నాడు. అంతటితో ఆగక, వాడేసిన ఇంకు ప్యాడ్‌లోకి పోకుండా సన్నని ట్యూబు బయటికి లాగి ఒక సీసాలో పెట్టాడు.

ఇంటికి వచ్చాక ఈ విషయం మీద చదివాను. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసే ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్‌కు పేచీ వచ్చింది కూడా ప్రింటర్‌తోనేనట. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు అందేలా ఆయన ప్రోగ్రామ్ మార్చుకున్నాడు. కొత్తగా వచ్చిన లేజర్ ప్రింటర్‌కు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్‌ను మార్చడానికి కావలసిన అసలు రాత, ఇవ్వలేదు, కాబట్టి ఆ పని చేయలేకపోయాడు. 1983లో ఎవరైనా వాడుకుని మార్చుకోగల గ్నూ అనే సాఫ్ట్‌వేర్ పథకాన్ని ఆయన ప్రకటించడం వెనక ఈ అనుభవం కూడా ఉంది. ఆయన చదువు నాకు లేదు, ఆయన కోపం మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై, అంటే కొన్న వస్తువును మనమే లేదా మనకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కుపై, కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. దానికి బలమైన చట్టం కూడా తోడైతే పార్క్ లేన్ పెద్దాయన ఆ ప్రోగ్రామ్‌ను దాచుకుని వాడాల్సిన పని ఉండదు.

సీసా పెట్టాక ఇంకో సంగతి కంటపడింది. వేసవి సెలవుల్లో నెల రోజులు వాడకపోతే రంధ్రాలు ఎండిపోతాయి, నాలుగైదుసార్లు కడిగించాలి. ఒక్కోసారి సీసాలో ఎంత ఇంకు దిగుతుందో చూస్తే గుండె తరుక్కుపోతుంది. పైన నేను చెప్పిన పొదుపు రోజూ వాడేవాళ్లకే.

2025లో మళ్లీ ఆ దీపాలు వెలిగాయి. సీసా సగం కూడా నిండలేదు, ప్యాడ్‌లోకి చుక్క పోవడం లేదు. ప్రింటర్ మాత్రం ప్యాడ్ నిండిందనే అంటోంది. మళ్లీ ఆటో, మళ్లీ పార్క్ లేన్, ఈసారి 200.

ఇప్పటికీ ఇదే వాడుతున్నాను. రోజూ ప్రింట్లు తీసేవారికి, ఊళ్లో తెలిసిన మెకానిక్ ఉన్నవారికి కొనమనే చెబుతాను, వారంటీలో ఉండగా ఇలాంటి పని చేయించవద్దని కూడా చెబుతాను. కొత్త మోడళ్లలో కొన్నింటికి వాడేసిన ఇంకు పడే పెట్టెను మనమే తీసి మార్చుకునే వీలుంది. కొనేముందు అది ఉందో లేదో అడగండి. నా మాట విని కొన్నవారిలో మా చెల్లెలు ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటుంది, నెలకు పది పేజీలు తీస్తే గొప్ప. దానికి ఇది తగిన ప్రింటర్ కాదని ఇప్పుడు అనిపిస్తోంది. ఎర్ర దీపాలు వెలిగితే ఎవరికీ డబ్బు కట్టవద్దని, ప్రింటర్‌ను బస్సులో పెట్టుకుని మా ఇంటికి వచ్చేయమని చెప్పి ఉంచాను.