ఆరేళ్లు వార్డులో వాడిన వాచీ గురించి

మా వార్డుకు పోస్టింగు మీద వచ్చే జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలు మొదటి వారం తిరక్కముందే ఒక మాట అడుగుతారు: "అక్కా, ఏ వాచీ కొనుక్కోవాల?" అడిగేలోపే టవర్ క్లాక్ దగ్గర రెండు షాపులు తిరిగొచ్చి ఉంటారు. ఫోన్లో నాలుగు ఫోటోలు చూపిస్తారు. వాటిలో మూడు ముచ్చటగా ఉంటాయి, సెకండ్ల ముల్లు మాత్రం ఉండదు. పల్సూ, ఊపిరీ, సెలైన్ చుక్కలూ మేం లెక్కపెట్టేది ఆ ముల్లు చూసే. ప్రతి బ్యాచికీ నిలబడి చెప్పే మాటలు ఈసారి కూర్చుని రాస్తున్నాను.

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. పదేళ్లయింది. మొదటి నాలుగేళ్లలో మూడు వాచీలు మారాయి. నాలుగోది 2019 ఆగస్టులో కొన్నాను, ఇది రాస్తున్నప్పుడు కూడా చేతికే ఉంది. కరోనా కాలంలో పీపీఈ కిట్టు వేసుకున్న రోజులు, మధ్యలో వేరేది వాడి చూసిన రెండు నెలలు తప్ప డ్యూటీకి ఇది లేకుండా పోయింది లేదు.

కంపెనీ పేరు చెప్పను. ఒకే పేరుతో షాపులో యాభై రకాలుంటాయి, పేరు పట్టుకొని పోతే వేరేది చేతిలో పెట్టి పంపిస్తారు. గుర్తులు చెప్తాను, వాటిని బట్టి వెతకండి. తెల్ల డయలు. ఒకటి నుంచి పన్నెండు దాకా అన్ని అంకెలూ నల్లగా, లావుగా. అంచున అరవై గీతలు. ఆ గీతల దాకా అందే పొడుగాటి సెకండ్ల ముల్లు. మూడు దగ్గర తేదీ. మెత్తటి ప్లాస్టిక్ బెల్టు. వెనక మూత మీద, నీళ్లకు తట్టుకుంటుందని వంద మీటర్ల ముద్ర. సెల్లుతో నడిచేదే, కీ ఇచ్చేది కాదు. అప్పట్లో పదహారు వందలు పడింది.

అన్నిటికన్నా ముందు ముల్లు చూడండి. పొట్టి ముల్లయితే చివర గీతకు అందదు, అది ఇరవై మూడు మీదుందో ఇరవై నాలుగు మీదుందో తెలీదు. సెల్లు వాచీల్లో ముల్లు సెకనుకు ఒక అడుగేస్తుంది. ఆ అడుగు గీత మీదే పడుతోందా, రెండు గీతల మధ్య పడుతోందా అని షాపులోనే నిలబడి ఒక చుట్టు పూర్తిగా చూడండి. షాపాయన విసుక్కున్నా ఫర్వాలేదు. నేను చూసుకొనే తీసుకున్నాను, ఆరేళ్లుగా ఆ ఒక్క నిమిషం నాకు కలిసొస్తూనే ఉంది. ముల్లు రంగు కూడా చూడాలి. ఎర్ర ముల్లు పగలు బాగుంటుంది గానీ, రాత్రి పదకొండుకు వార్డులో లైట్లు తీసేశాక ఎరుపు నల్లగా కనిపిస్తుంది. తెల్ల డయలు మీదయితే ఇబ్బంది లేదు. నల్ల డయలు మీద ఎర్ర ముల్లుంటే ఆ చీకట్లో అది ఉన్నట్టే తెలీదు.

మాలో ఒకమ్మాయి కాసియో ఎఫ్-91డబ్ల్యూ పెట్టుకుంటుంది. 1989లో వచ్చిన మోడలు, ఇప్పటికీ అమ్ముతున్నారు. ఇరవయ్యొక్క గ్రాములే, చేతికున్నట్టే తెలియదు. అలారం ఉంది, స్టాప్‌వాచీ ఉంది. ఆమెకు బాగా కుదిరింది. నాకు మాత్రం ఏ కంపెనీదైనా అంకెల వాచీతో లెక్క కుదరదు. మనసులో పల్సు లెక్క నడుస్తుంటుంది, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది అని. కళ్ల ముందేమో ఇరవై ఆరు, ఇరవై ఏడు అని వేరే అంకెలు మారుతుంటాయి. రెండు లెక్కలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ముల్లయితే చదవాల్సిన పని లేదు. బయల్దేరిన చోటికి తిరిగొచ్చిందా లేదా అన్నది కంటి కొసకే తెలిసిపోతుంది.

పిల్లల బెడ్ల దగ్గర ఇది మరీ ముఖ్యం. మూడేళ్ల కిందట చలికాలంలో కూడేరు వైపు నుంచి ఏడు నెలల బాబును తీసుకొచ్చారు. దగ్గు, జ్వరం. మానిటరు పెట్టాం గానీ పిల్లాడు ఏడ్చినా, కాళ్లాడించినా దాంట్లో శ్వాస అంకె ఎగిరి దిగుతుంటుంది. అలాంటప్పుడు పాత పద్ధతే. పిల్లాడు ఊరుకునే దాకా ఆగి, చొక్కా పైకి జరిపి, వాచీ ఉన్న చేతిని పొట్ట పక్కనే పెట్టి, పొట్ట లేవడం, ముల్లు కదలడం రెండూ ఒకే చూపులో పడేలా చూసుకొని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలలు నిండిన దగ్గర్నుంచి ఏడాదిలోపు పిల్లలకు నిమిషానికి 50గానీ అంతకు మించిగానీ ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. రెండు నెలల్లోపు పసికందుకు 60. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే సరిపోదా అని నర్సింగ్ పిల్లలు అడుగుతారు. పన్నెండు లెక్కపెడితే నలభై ఎనిమిది, పదమూడు లెక్కపెడితే యాభై రెండు. ఒక్క ఊపిరి తేడాతో పిల్లాడు హద్దుకు ఇటునుంచి అటు పోతాడు. అందుకే నిండు నిమిషం.

ఆ నిమిషంలో సగం కూడా అయ్యుండదు, వాళ్లమ్మ అడిగింది: "ఏంటికి సిస్టరమ్మా, పొద్దాకా వాచీ పక్కే చూస్తాండావు? డ్యూటీ అయిపోయిందా?" లెక్క తప్పుతుందని నోరు తెరవలేదు, వేలు చూపించి ఆగమన్నాను. యాభై నాలుగు వచ్చింది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాక ఆమె పక్కన కూర్చున్నాను. "లేదు తల్లీ, నీ కొడుకు ఎన్నిసార్లు గాలి పీలుస్తాండాడో లెక్కపెడతాంటి" అన్నాను. ఆమె ముఖం చూస్తే నాకే బాధేసింది. బిడ్డ కష్టంలో ఉంటే నర్సు ఇంటికి పోయే టైము చూసుకుంటోందని ఆ నిమిషమంతా ఆమె అనుకుంది. అప్పట్నుంచి చేయి పెట్టకముందే చెప్తాను, "ఒక నిమిషం లెక్కపెడతానమ్మా, మాట్లాడొద్దు" అని.

సెలైన్ దగ్గరా ఇదే పద్ధతి. ఐసీయూలో పంపులుంటాయి, వార్డులో చక్రం తిప్పి చుక్కలు పెట్టేది మనమే. మామూలు సెట్టులో ఒక ఎంఎల్‌కు ఇరవై చుక్కలు. 500 ఎంఎల్ నాలుగు గంటల్లో పోవాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు, అంటే పావు నిమిషానికి పదీ పదకొండు. వాచీని చుక్కలు పడే గొట్టం పక్కకు ఎత్తి పట్టుకుంటే తల తిప్పక్కర్లేదు. డయలు మీద అంకెలు లావుగా ఉండాలని నేను పట్టుబట్టేది ఇక్కడే. చేయి చాచి పట్టుకున్నప్పుడు కూడా కనపడాలి.

ఇప్పుడు బెల్టు సంగతి. ఉద్యోగమొచ్చిందని మా నాయన కొనిచ్చిన మొదటి వాచీకి స్టీలు చైను. చేరిన మూడో నెలలో మంచాన పడిన ఒక పెద్దాయనను పక్కకు తిప్పుతున్నాం, వీపుకు పుళ్లు పడకుండా. చైను కొక్కెం అంచు ఆయన ముంజేతికి రాసుకుంది. ఆ వయసులో చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, అంగుళం మేర లేచిపోయింది. ఆయన కనీసం అబ్బా అనలేదు. రక్తం చూసింది ఆయన కూతురు. నేనే కడిగి కట్టు కట్టాను, రిజిస్టరులో నేనే రాశాను. ఆ సాయంత్రమే చైను వాచీ తీసి బీరువాలో పెట్టాను. నాయనకు కారణం చెప్పడానికి చాన్నాళ్లు పట్టింది. ఇప్పుడు పెళ్లిళ్లకు పెట్టుకుంటాను.

రెండోదానికి డయలు చుట్టూ తిరిగే చక్రముండేది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టిన టైముకు బాణం తిప్పి పెట్టుకోవచ్చు, మొదటి పావుగంట దగ్గరుండి చూడాలి కదా, బాగా పనికొస్తుందనుకున్నాను. పనికొచ్చింది కూడా. కానీ ఆ చక్రం పళ్లలో బెటాడిన్ ఎండిపోయి గోధుమరంగు గీతలు పడేవి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దినా మొత్తం పోయేది కాదు. కంటికి కనిపించే మురికే పోనప్పుడు కనిపించనిది ఎంతుందో. మానేశాను. మూడోదానికి గుడ్డ బెల్టు. ఒకసారి తడిస్తే డ్యూటీ అయ్యే దాకా ఆరదు, మే నెలలో చెమటకు కింద చర్మమంతా ఎర్రగా పొక్కింది.

నున్నటి ప్లాస్టిక్ బెల్టుకు ఈ తంటాలేవీ లేవు. రోజూ ఇంటికొచ్చాక వాచీ మొత్తం సబ్బుతో కడిగి, బట్టతో తుడిచి, రాత్రంతా విప్పే ఉంచుతాను. స్పిరిట్ పెట్టి తుడవకండి, ముఖ్యంగా ప్లాస్టిక్ అద్దమున్న వాచీలను. వెంట్రుకంత సన్నని పగుళ్లు పడతాయి.

అయితే బెల్టు ఎంత మంచిదైనా దాని కింద చేయి కడగలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతిలో సబ్బుతో చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకండ్లు, శానిటైజరుతో 20 నుంచి 30 సెకండ్లు పడుతుంది. వాచీ కింద చర్మానికి ఆ సెకండ్లలో ఒక్కటీ దక్కదు. బ్రిటన్‌లో పేషెంటు దగ్గరికి పోయే నర్సులు మోచేతి కిందికి వాచీ పెట్టుకోకూడదు, ఛాతీకి పిన్నుతో తలకిందులుగా వేలాడే వాచీ వాడతారు. నేనూ ఒకటి తెప్పించుకొని రెండు నెలలు వాడాను. వంగినప్పుడల్లా ఊగి పేషెంటుకు తగిలేది, చుక్కల దగ్గరికి ఎత్తి పట్టుకోవడమూ కుదర్లేదు. మీ ఆసుపత్రిలో చేతికి వాచీ వద్దంటే మాత్రం మారు మాట్లాడకుండా అదే కొనండి. నేను పసిపిల్లల ఐసీయూలోకి, లేబర్ రూములోకి పోయేటప్పుడు వాచీ విప్పి జేబులో వేసుకుంటాను. అక్కడ గోడ గడియారం ముల్లే దిక్కు.

నీళ్ల ముద్ర గురించి చాలామందికి తెలియనిది చెప్తాను. 30 మీటర్లని రాసుంటే ముప్పై మీటర్ల లోతుకు పోవచ్చని కాదు, చినుకులు పడితే తట్టుకుంటుందని మాత్రమే. పూటకు ముప్పై నలభై సార్లు చేతులు కడిగే మనకు అది చాలదు. యాభై ఉండాలి, వందుంటే ఇంకా మంచిది. ఆ వంద కూడా వెనక మూత సరిగ్గా ఉన్నంత వరకే. 2022లో సెల్లు అయిపోతే బస్టాండు దగ్గర ఒక చిన్న బంకులో మార్పించాను. మూత కింద దారమంత సన్నని రబ్బరు రింగుంటుంది, ఆయన దాన్ని నలిపేసి మూత నొక్కేశాడు. మూడో రోజే అద్దం లోపల ఆవిరి. వేరేచోట విప్పించి, ఆరబెట్టించి, కొత్త రింగు వేయించాను. 2024లో మార్పించినప్పుడు ముందే చెప్పాను, రింగు చూపించి వెయ్యన్నా అని.

నైట్ డ్యూటీ చేసేవాళ్లు తేదీ దగ్గర జాగ్రత్త. పన్నెండు దాటాక కేస్ షీటులో తేదీ మార్చి రాయడానికి ఆ చిన్న కిటికీ చాలాసార్లు నన్ను కాపాడింది. కానీ ముప్పై రోజుల నెల అయిపోగానే తేదీ చేత్తో ముందుకు తిప్పుకోవాలి. మనకది గుర్తొచ్చేది అర్ధరాత్రే. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా లోపల తేదీ మార్చే పళ్లు ఒకదానికొకటి పట్టుకొని ఉంటాయి, అప్పుడు బలవంతంగా తిప్పితే విరుగుతాయి. నా మూడో వాచీ పోయింది ఇలాగే, పన్నెండున్నరకు. ఇప్పుడు పొద్దున డ్యూటీ అప్పగించాకే తేదీ తిప్పే కీ ముట్టుకుంటాను.

స్మార్ట్‌వాచీ గురించి కూడా అడుగుతారు. మా ఆయన కొనిచ్చాడు, నడకకు పెట్టుకుంటాను. వార్డులో వద్దు. చేయి తిప్పితేగానీ వెలగదు, లెక్క మధ్యలో ఆరిపోతుంది. అందులో పల్సు కనిపిస్తుంది కదక్కా అంటారు. అది నా పల్సు, మంచం మీదున్న మనిషిది కాదు.

నా వాచీలోనూ లోపాలున్నాయి. ముళ్లు చీకట్లో వెలగవు, పెన్ టార్చి వేసుకోవాల్సిందే. తేదీ అంకె మరీ చిన్నది, నలభై దాటినవాళ్లకు కష్టం. అద్దం మీద ఆక్సిజన్ సిలిండరు గీసిన గీతొకటి ఏడు దగ్గర అడ్డంగా ఉంది. అన్నిటికన్నా బెల్టు: మూడేళ్లకు గట్టిపడి రంధ్రాల దగ్గర చిట్లుతుంది. మొదటిది 2022 చివర్లో డ్యూటీలోనే తెగి కింద పడింది. ఆ కొలత బెల్టు ఊళ్లో దొరక్క, బెంగళూరు నుంచి తెప్పించే దాకా పది రోజులు వాచీకి సేఫ్టీ పిన్ను తగిలించి జేబుకు పెట్టుకు తిరిగాను. కొనేటప్పుడే బెల్టు విడిగా దొరుకుతుందా అని అడగండి. ఇప్పుడున్నది కూడా మూడో రంధ్రం దగ్గర తెల్లబడుతోంది. ఈసారి ముందే ఒకటి తెప్పించి నా లాకర్లో పెట్టుకున్నాను.