ఫ్రైడ్ రైస్ తిప్పే డ్రమ్ము: ఇరవై ఆరు నెలల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, దీన్ని మాకు అమ్మినాయన "రోబో షెఫ్" అన్నాడు గానీ దీనికి చేతులూ లేవు, కళ్లూ లేవు. స్లాబ్ వేసేచోట కాంక్రీట్ కలిపే మిల్లర్ ఉంటుంది చూడండి, దానికి చిన్న తమ్ముడనుకోండి. ఏటవాలుగా తిరిగే డ్రమ్ము, దాని కింద ఇండక్షన్ కాయిల్, లోపల గరిటెల్లాంటి రెండు రెక్కలు, నూనెకీ సాసులకీ నీళ్లకీ పక్కన సన్నటి ట్యూబులు, ముందు టచ్ స్క్రీన్. ఐటమ్ నొక్కితే ఏది ఎప్పుడు వేయాలో అదే అడుగుతుంది, సాసులు అదే పోసుకుంటుంది, అయ్యాక పళ్లెంలోకి వంపేస్తుంది. అంతే.

మాది హైదరాబాద్ నిజాంపేట రోడ్డులో, హాస్టళ్ల మధ్య, చిన్న ఫాస్ట్ ఫుడ్ సెంటర్. నేనూ మా ఆయనా చూసుకుంటాం, సాయంత్రం ఐదున్నర నుంచి రాత్రి పదకొండు దాకా. జీఎస్టీతో కలిపి నాలుగు లక్షల చిల్లర పోసి దీన్ని కొన్నాం. కంపెనీ పేరు అడగొద్దు, చెప్పను. మాదాంట్లో లోపలి సరుకంతా చైనాది, పైన స్టిక్కరు మాత్రం ఇక్కడిది. వీడియోలు చూసి "ఇక వంట మాస్టర్ల బాధ వదిలింది" అనుకుంటున్నవాళ్లు అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి.

ఎందుకు కొన్నామంటే ఒకటే మాట, సంక్రాంతి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. మాస్టర్ పండక్కి ఊరెళ్తాడు, వెళ్తూ వెళ్తూ అడ్వాన్సు తీసుకుంటాడు, ఫిబ్రవరి వచ్చినా ఫోన్ ఎత్తడు. మూడేళ్లలో నలుగురు మారారు. కొత్తవాడు వచ్చిన ప్రతిసారీ రుచి మారుతుంది, హాస్టల్ పిల్లలు రెండు స్పూన్లు తినగానే "ఆంటీ, మాస్టర్ మారాడా?" అని అడిగేస్తారు, వాళ్ల దగ్గర బుకాయించలేం.

మెషిన్ వచ్చాక మొదటి పదిహేను రోజులూ నరకం. మూడోరోజు సాయంత్రం బాగా గుర్తు, నాలుగు ప్లేట్ల ఎగ్ ఫ్రైడ్ రైస్ వేశాం, డ్రమ్ము వంగింది, పళ్లెంలోకి క్రికెట్ బంతులంత ముద్దలు మూడు దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి చిదిపి చూస్తే లోపల అన్నం తెల్లగా, ఆవిరి కక్కుతూ, సాస్ చుక్క కూడా తగలకుండా ఉంది. గుడ్డేమో డ్రమ్ము గోడకి అట్టు కట్టేసింది. కౌంటర్ దగ్గర నలుగురు అబ్బాయిలు, సెల్‌ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

డీలర్ మనిషి వచ్చి టెంపరేచర్ మార్చాడు, టైమ్ మార్చాడు, రెక్కల స్పీడ్ మార్చాడు, ఏం లాభం లేదు. తప్పు అన్నానిదని మాకు తెలిసేసరికి రెండు వారాలైంది. మాస్టర్ ఏం చేస్తాడు? కడాయిలో వేసేముందు అన్నాన్ని వేళ్ల మధ్య ఓసారి నలుపుతాడు. తడిగా ఉందనిపిస్తే మంట పెంచుతాడు, నూనె తగ్గిస్తాడు, అన్నాన్ని కడాయి అంచుల దాకా పరిచి కాసేపు కదపకుండా వదిలేస్తాడు. ఇదంతా చేస్తున్నట్టు అతనికే తెలీదు, అడిగితే "ఏముందక్కా, చూసి వేయడమే" అంటాడు. డ్రమ్ముకి ఆ నలిపి చూడటం రాదు కదా. మనం రెండు నిమిషాల నలభై సెకన్లని పెట్టాం, అన్నం పలుకుపలుకుగా ఉన్నా పొంగలిలా ఉన్నా దానికి అవే రెండు నిమిషాల నలభై సెకన్లు.

దాంతో వంటిల్లంతా మార్చాల్సి వచ్చింది. పాత బియ్యం ఒకే మిల్లుది, ఒకే రకం. నీళ్లు గిన్నెతో కాకుండా కాటా మీద తూచి పోయడం. మధ్యాహ్నం వండి, వెడల్పు ట్రేల్లో పల్చగా పరిచి, ఫ్యాన్ కింద ఆవిరి పోగానే ఫ్రిజ్‌లోకి. సాయంత్రానికి కిలో నూరు గ్రాముల లెక్కన డబ్బాలు కట్టి పెట్టుకోవడం, ఒక డబ్బా ఒక వాయి. ఇంతకుముందు మా దగ్గర అన్నం పెద్ద బేసిన్‌లో రాత్రి దాకా అలాగే ఉండేది, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నా. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే బ్యాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుందనీ, అది వదిలే విషం మళ్లీ ఎంత వేయించినా పోదనీ, వాంతులు పట్టుకునేది దానివల్లేననీ అప్పుడు చదివి తెలుసుకున్నా. అన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదంటే దేవుడి దయ. ఈ పద్ధతి పెట్టాక రుచి రోజూ ఒకేలా రావడం మొదలైంది. నిజం చెప్పాలంటే ఇందులో సగం ఘనత రెండు వేల రూపాయల కాటాది.

ఇక అందరూ అడిగేది, బండి మీద తిన్న రుచి వస్తుందా అని. రాదు. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఒక్క డ్రమ్ముతో రాదు. 2020లో అమెరికాలోని జార్జియా టెక్‌లో హంగ్‌టాంగ్ కో, డేవిడ్ హూ అనే ఇద్దరు ఫ్రైడ్ రైస్ ఎగరేయడం మీదే ఓ పరిశోధన పత్రం రాశారు, వినడానికి నవ్వొస్తుంది గానీ చదివితే మన మాస్టర్ల మీద గౌరవం పెరుగుతుంది. చైనా వంట చేసేవాళ్ల చేతుల్ని వీడియో తీసి లెక్కగడితే సెకనుకి దాదాపు మూడుసార్లు ఎగరేస్తున్నారట. కడాయిని ముందుకీ వెనక్కీ లాగుతూనే పొయ్యి అంచు మీద ఆనించి పైకీ కిందకీ ఊపుతారు, రెండూ ఒకేసారి. గాల్లోకి లేచిన అన్నం ఆ క్షణంలో కాస్త చల్లారి మళ్లీ కాలే ఇనుము మీద పడుతుంది కాబట్టి అంత మంట మీద కూడా మాడదు, రంగు మాత్రం వస్తుంది. మా డ్రమ్ములో అన్నం ఎగరదు, దొర్లుతుంది. పైగా మంటే లేదు, ఎగిరిన నూనె తుంపరలు భగ్గుమని అంటుకునే అవకాశమే లేదు. ఆ కొంచెం పొగ వాసన, కొంచెం మాడు వాసన, పిల్లలు రాత్రి పదింటికి వచ్చేది దానికోసమే.

కాబట్టి ఇప్పుడు చేసేదేంటంటే, డ్రమ్ములో ముప్పావు వంతు వండించి, వంపాక రెండు భాగాలు చేసి, పొగలు కక్కే ఇనుప కడాయిలో చివరి ఇరవై సెకన్లు మాస్టర్ చేత్తో తిప్పిస్తాం. టంగుటంగుమని గరిటె చప్పుడు కూడా వస్తుంది. ఆ చప్పుడు లేని మొదటి నెలలో రోడ్డు మీద వెళ్లేవాళ్లు మా వైపు తలతిప్పి కూడా చూడలేదు, ఇది నేను కనిపెట్టిన పరిశోధన.

అంటే మాస్టర్ పోలేదు. మాస్టర్ని తప్పించుకుందామని కొన్న మెషిన్ వల్ల మాస్టరే నిలబడ్డాడు. ఇప్పుడున్నతను ఇచ్ఛాపురం వైపువాడు, వచ్చి పంతొమ్మిది నెలలైంది, మధ్యలో సంక్రాంతికి వెళ్లి కనుమ మర్నాడే తిరిగొచ్చాడు, నేను నమ్మలేకపోయాను. మా దగ్గరికి రాకముందు వేరేచోట భుజం పట్టేసి రెండు నెలలు పనిమానేసి ఇంట్లో కూర్చున్నాడట. ఒకరోజు షట్టర్ దించుతుంటే "అక్కా, ఇప్పుడు రాత్రిళ్లు పడుకుంటే చెయ్యి నాదిలాగే ఉంటోంది" అన్నాడు. డీలర్ బ్రోచర్‌లో పెట్టాల్సింది ఈ మాట.

డబ్బుల లెక్క. మిగిలేది జీతంలో అనుకున్నాం, మిగిలింది గ్యాస్‌లో. హైప్రెజర్ బర్నర్ వెలిగించిన మాస్టర్ దాన్ని ఆపడు, కడాయి ఉన్నా లేకున్నా ఐదు గంటలూ అది బుసలు కొడుతూనే ఉంటుంది. రెండు బర్నర్ల మీద రోజుకి దాదాపు ఒక 19 కిలోల సిలిండర్ అయిపోయేది, ఇప్పుడు ఒక్క బర్నర్, సిలిండర్ రెండు రోజులొస్తోంది. డ్రమ్ము 5 కిలోవాట్లది, మూడు నిమిషాలు ఫుల్లుగా లాగినా వాయికి పావు యూనిట్, కమర్షియల్ రేటులో రెండున్నర రూపాయలు, నాలుగు ప్లేట్లకి. కరెంటు బిల్లు నెలకి నాలుగు వేలు పెరిగింది, గ్యాస్ ఖర్చు ఇరవై వేల పైన తగ్గింది. రెండో మాస్టర్ మానేశాక మళ్లీ పెట్టుకోలేదు, కానీ ఆ జీతం ఎక్కడికీ పోలేదు, మధ్యాహ్నం కూరగాయలు తరిగే ఆవిడకీ, ఇప్పుడున్న మాస్టర్‌కి పెంచినదానికీ సరిపోయింది. రిపేర్లు కలుపుకుంటే పెట్టిన డబ్బు ఈమధ్యనే దగ్గరదగ్గర వెనక్కి వచ్చింది. మా మరిదిగారబ్బాయి డాలస్ నుంచి రోజూ రోబోల వీడియోలు పంపుతాడు. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద ఫాస్ట్ ఫుడ్ చెయిన్లలో గంటకి కనీసం 20 డాలర్లు ఇవ్వాలి, మన డబ్బుల్లో పదహారు వందల పైమాటే, అది మా మాస్టర్ రోజు కూలి కంటే ఎక్కువ. అక్కడి లెక్కతో ఇక్కడ మెషిన్ కొంటే మునుగుతాం.

అక్కడ కూడా అంతా సాఫీగా ఏం జరగలేదు లెండి. 2018లో పాసడీనాలోని కాలిబర్గర్‌లో ఫ్లిప్పీ అని బర్గర్లు తిప్పే రోబో చెయ్యి పెట్టారు, జనం ఎగబడితే ఆ వేగాన్ని అందుకోలేక ఒక్కరోజుకే దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. తర్వాత అదే కంపెనీ దాన్ని ఫ్రైయర్ దగ్గరికి మార్చింది, వైట్ క్యాసిల్ అనే బర్గర్ చెయిన్ వాళ్లు 2020లో వాడటం మొదలుపెట్టారు. ఆలోచిస్తే సబబే, బుట్ట ముంచు, టైమయ్యాక తీయి, అంతే పని. అదే ఏడాది, అంటే 2018లోనే, బోస్టన్‌లో స్పైస్ అని ఎంఐటీ కుర్రాళ్లు హోటల్ తెరిచారు, అచ్చం మా డ్రమ్ములాంటివే ఏడు, ఇండక్షన్ మీద తిరిగేవి. 2021లో దాన్ని సలాడ్లు అమ్మే చెయిన్ స్వీట్‌గ్రీన్ కొనేసింది. ఆ ఫొటోలు చూసినప్పుడు మాత్రం మా డబ్బాని చూసి కాస్త గర్వమేసింది.

ఇప్పుడు తిట్లు. నూడుల్స్ అసలు వేయకండి. రెక్కలు వాటిని ముక్కలు ముక్కలు చేసి సేమియా ఉప్మాలా వంపుతాయి. రెండుసార్లు ప్రయత్నించి మానేశాం, నూడుల్స్ అన్నీ కడాయిలోనే.

వెజ్ గొడవ ఇంకోటి. డెమోలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. కడాయిలైతే వెజ్‌కి ఒకటి, నాన్‌వెజ్‌కి ఒకటి పెట్టుకుంటాం, కస్టమర్‌కి కళ్లెదుట కనిపిస్తుంది. డ్రమ్ము ఒక్కటే. వాయికీ వాయికీ మధ్య నీళ్లు కొట్టుకుని కడుక్కుంటుంది, అయినా ఒక పెద్దాయన శనివారం పూట వచ్చి "ఇందాక దీన్లోనేగా గుడ్డు వేశారు" అని పార్శిల్ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన తప్పేం లేదు. ఆ రోజు నుంచి డ్రమ్ము పూర్తిగా ఎగ్, చికెన్‌కే, వెజ్ మొత్తం కడాయికే.

ఆదివారం రష్‌లో ఇంకో చిక్కు. ఒక్కసారి నాలుగు ప్లేట్లు వేస్తేనే దీనికి గిట్టుబాటు. కానీ ఎనిమిదిన్నరకి వచ్చే ఆర్డర్లు ఎలా ఉంటాయి? ఒకటి డబుల్ ఎగ్, ఒకటి ఉల్లిపాయ లేకుండా, ఒకటి టేస్టింగ్ సాల్ట్ వద్దు, ఒకటి "అన్నా, మంట పుట్టాలి". ఒక్కోటీ విడిగా వేస్తే కడాయికంటే నెమ్మది. ఉప్పూ కారం తక్కువగా ఉన్న ఒకే వాయి వేసి, తేడాలన్నీ చివరి ఇరవై సెకన్లలో మాస్టర్ చూసుకునేలా సర్దుకున్నాం.

ట్యూబుల విషయంలో బద్ధకిస్తే అయిపోయారే. సోయా సాస్ రాత్రంతా ట్యూబులో ఉంటే మూతి దగ్గర ఉప్పు గడ్డకడుతుంది, చిల్లీ సాస్ చిక్కగా ఉండి గింజ అడ్డం పడుతుంది. ఒకసారి సోయా సగమే పడి, తెల్లతెల్లగా ఉన్న అన్నం పదహారు ప్లేట్లు ఆన్‌లైన్ ఆర్డర్లలో వెళ్లిపోయింది, ఆ వారం రేటింగ్ ఏమైందో చెప్పక్కర్లేదు. ఇప్పుడు రోజూ మూసేముందు వేడినీళ్లు పంపిస్తాం, చిల్లీ సాస్ చేత్తోనే వేస్తాం. వానాకాలంలో ఉప్పు డబ్బా కూడా గడ్డకట్టి అంతే చేసింది, ఉప్పుని నీళ్లలో కలిపి పోస్తున్నాం.

డ్రమ్ము లోపలి కోటింగ్ ఎనిమిదో నెలలో పోయింది, మెషిన్ తప్పు కాదు, కొత్త కుర్రాడు స్టీలు పీచుతో రుద్దాడు. పదకొండో నెలలో స్క్రీన్ మీద ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోయింది, విప్పితే బోర్డు మీద బొద్దింక, కాలి బొగ్గయి ఉంది. కంట్రోల్ బోర్డు పోయింది. వారంటీలో పురుగులు రావట. "రేపొస్తాం" అన్న సర్వీసు మనిషి తొమ్మిదో రోజున వచ్చాడు. ఆ తొమ్మిది రోజులూ మాస్టర్ ఒక్కడే రెండు బర్నర్లూ లాగాడు, భుజానికి బామ్ రాసుకుని. కొనేముందు బోర్డు మీ ఊళ్లో దొరుకుతుందా, ఎంతవుతుంది అన్నది కాగితం మీద రాయించుకోండి, నోటిమాట వద్దు. అలాగే కరెంటు లోడ్ ముందే పెంచుకోండి, మామూలు ఇన్వర్టర్ మీద ఇది నడవదు. కరెంటు పోతే సగం ఉడికిన వాయి కడాయిలోకి మార్చుకోవాలి.

రోజుకి వంద ప్లేట్లు దాటి, ఎక్కువగా ఒకే రకం రైస్ పోయేవాళ్లకి పనికొస్తుంది. హాస్టల్ మెస్, క్యాంటీన్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు. తోపుడు బండివాళ్లకి, అరవై ప్లేట్ల లోపు వాళ్లకి వద్దే వద్దు. నాలుగు లక్షలతో ఒక మంచి మాస్టర్‌కి ఏడాది పైన జీతం ఇవ్వొచ్చు. ఐదుకి నేనైతే మూడున్నర ఇస్తా, ఆ అర కూడా మాస్టర్ భుజం కోసం.

రెండోది తీసుకోండి, డిస్కౌంట్ ఇస్తా అని డీలర్ వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. ఆ డబ్బుతో నాలుగు తలుపుల ఫ్రిజ్ తీసుకున్నా, అన్నం డబ్బాలు పెట్టడానికి. ఎవరైనా మెషిన్ నడుస్తుండగా చూడాలనుకుంటే రండి గానీ ఏడు లోపు రండి, ఆ తర్వాత నాకు మాట్లాడే తీరిక ఉండదు.