జెర్సీలో డిపెండెన్సీ ఇంజెక్షన్: ఏళ్లు వాడాక నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలోని ఆఫీసులో నేను చేరేనాటికి మా వెబ్ సర్వీసులన్నీ జెర్సీ (జావాలో వెబ్ సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్) మీదే నడిచేవి. ప్రతి రిసోర్స్ క్లాసూ (రిక్వెస్టులకు జవాబిచ్చే క్లాస్) తనకు కావలసిన డేటాబేస్ క్లాసును తానే సృష్టించుకునేది. దాంతో చిన్న టెస్టు రాయాలన్నా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుస్తూ ఉండాల్సిందే. ఆ బాధ పడలేకే 2016లో డిపెండెన్సీ ఇంజెక్షన్, అంటే క్లాసుకు కావలసినవి బయటి నుంచి అందించే పద్ధతి, పెట్టాం. స్ప్రింగ్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్‌కు మారదామని కొందరన్నారు. నలభై దాకా ఉన్న రిసోర్సులను తిరగరాసే టైమ్ లేక, జెర్సీ 2తో పాటు వచ్చే ఇంజెక్షన్ లైబ్రరీ హెచ్‌కే2 చాలనుకున్నాం.

మొదలుపెట్టడం తేలికే. ఏ ఇంటర్‌ఫేస్‌కు ఏ క్లాస్ ఇవ్వాలో ఒక బైండర్‌లో రాసి రిజిస్టర్ చేస్తే సరిపోతుంది. గూగుల్ వాళ్ల ఇంజెక్షన్ లైబ్రరీ జూస్ (Guice) అలవాటున్నవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ ముందు ఇంటర్‌ఫేస్, తర్వాత క్లాస్ రాస్తాం. ఇక్కడ ముందు క్లాస్ రాయాలి.

నన్ను బాగా ఏడిపించింది స్కోప్, అంటే ఒక ఆబ్జెక్ట్ ఎంతసేపు బతకాలనేది. ఏమీ చెప్పకపోతే హెచ్‌కే2 అడిగిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ ఇస్తుంది. కనెక్షన్ పూల్‌ను (తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్ల గుంపు) బైండ్ చేసేటప్పుడు సింగిల్టన్ (అందరికీ ఒకే ఆబ్జెక్ట్) అని రాయడం మరిచాను. లాప్‌టాప్‌లో మూడు నాలుగు రిక్వెస్టులు పంపితే అంతా బాగానే ఉంది. టెస్టింగ్ సర్వర్లో పెట్టిన కాసేపటికే డేటాబేస్ కనెక్షన్లు ఇవ్వడం మానేసింది. మేము వాడిన హికారీ పూల్ మామూలుగా 10 కనెక్షన్లు తెరుస్తుంది, పోస్ట్‌గ్రెస్ పరిమితి మామూలుగా 100. రిక్వెస్టుకో పూల్ పుడుతుంటే పదో రిక్వెస్టుకే అయిపోయింది. ఆ లెక్క తట్టడానికి నాకు రాత్రంతా పట్టింది.

ఇంకో లోటు కూడా ఉంది. బైండర్‌లో ఒక బైండింగ్ రాయడం మరిచిపోయినా సర్వర్ హాయిగా లేస్తుంది. ఆ రిసోర్సుకు మొదటి రిక్వెస్టు వచ్చినప్పుడే ఎర్రర్ పడుతుంది. నెల్లూరు నుంచి వచ్చిన జూనియర్ ఒకడు, "అన్నా, పొద్దున డిప్లాయ్ చేస్తే బాగానే లేచింది, ఇప్పుడెందుకు పడింది?" అని బెదిరిపోయి అడిగాడు. తప్పు వాడిది కాదు. జూస్ అయితే లేచేటప్పుడే ఆపేసేది.

జెర్సీ 2.26కి మారినప్పుడు అది అసలు లేవలేదు. ఆ వెర్షన్ నుంచి జెర్సీ-హెచ్‌కే2 జార్‌ను (లైబ్రరీ ఫైల్) విడిగా చేర్చుకోవాలి. జెర్సీ 3కి వెళ్లినప్పుడు జావాఎక్స్ (javax) ప్యాకేజీ పేర్లు జకార్తాగా (jakarta) మారాయి. ఒక ఫైల్లో పాత ఇంజెక్ట్ ఇంపోర్ట్ మిగిలిపోయింది. ఫీల్డ్ మీద ఉండడంతో దాన్ని హెచ్‌కే2 పట్టించుకోలేదు, విలువ నల్‌గా (ఖాళీగా) ఉండిపోయింది. అదే కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్‌ను సృష్టించే భాగం) మీద ఉంటే, తగిన కన్‌స్ట్రక్టర్ దొరకలేదని గట్టిగా చెప్పేది. అప్పటి నుంచి మా టీమ్‌లో ఫీల్డ్ ఇంజెక్షన్ బంద్.

కన్‌స్ట్రక్టర్‌లోకి మారాక టెస్టుల పని హాయిగా మారింది. నకిలీ క్లాసును చేతికిచ్చి రిసోర్సును సృష్టిస్తే చాలు, డేటాబేసూ సర్వరూ అక్కర్లేదు. ఈ ఒక్క లాభం కోసమే పైన చెప్పిన కష్టమంతా మళ్ళీ పడతాను. ఇప్పటికే జెర్సీలో ఉన్నవాళ్లు నిశ్చింతగా పెట్టుకోండి. కొత్త ప్రాజెక్టయితే స్ప్రింగే నయం. ఒక్కటి మాత్రం మొదటిరోజే చేయండి: ప్రతి రిసోర్సునూ ఒక్కసారైనా పిలిచి చూసే టెస్టు రాసి బిల్డ్‌లో పెట్టండి. మేము అది రాసినరోజే బైండింగ్ లేని క్లాసులు మూడు బయటపడ్డాయి.