ఒక్కరోజు ట్రైనింగా, వారం వారం పర్యవేక్షణా?

శ్రీకాకుళం జిల్లా పీహెచ్‌సీల్లో డిప్రెషన్‌కి కౌన్సెలింగ్ మొదలుపెట్టాలంటే దారులు రెండు. మొదటిది సులువు. సిబ్బందిని జిల్లా కేంద్రానికి పిలిచి ఒకరోజు ట్రైనింగ్, భోజనం, సంతకం. ఖర్చు తక్కువ, రిపోర్టుకు ఫొటోలూ వస్తాయి.

రెండోది తలనొప్పి పని. ట్రైనింగ్ అయ్యాక కూడా వారానికోసారి కూర్చుని కేసులు మాట్లాడుకోవాలి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, డిప్రెషన్ ఎంతుందో తొమ్మిది ప్రశ్నలకు మార్కులు వేసి చూసే పీహెచ్‌క్యూ-9 ఫారంలో చివరి ప్రశ్న దగ్గర. చచ్చిపోతే బాగుణ్ణు అనిపిస్తోందా అని ఉద్దానంలో డయాలసిస్ చేయించుకుంటున్న మనిషిని, ఇంటిల్లిపాదీ వింటుండగా అడగడానికి ఏ ఆశా కార్యకర్తకైనా నోరు పెగలదు. సున్నా వేసేసి ముందుకెళ్లడం తేలిక. విడిగా కూర్చోబెట్టి ఎలా అడగాలి, అవునంటే వెంటనే ఎవరికి చెప్పాలి అన్నవి స్లైడ్లు చూస్తే రావు.

గోవాలో డాక్టర్లు కానివాళ్లు 6 నుంచి 8 విడతల్లో చేసిన కౌన్సెలింగ్ తీవ్రమైన డిప్రెషన్‌ని తగ్గించిందని 2017లో లాన్సెట్ మెడికల్ జర్నల్లో వచ్చింది. అక్కడి కౌన్సెలర్లు సెషన్ల రికార్డింగులు విని ఒకరికొకరు మార్కులు వేసుకునేవారు. వాళ్ల కౌన్సెలింగ్ మాన్యువల్ తెచ్చుకుని ఈ ముక్క వదిలేస్తే ఏం లాభం?

నా ఓటు రెండోదానికే. అసలే ఏఎన్‌ఎంలకి యాప్‌ల టెన్షన్ చాలదన్నట్టు ఇదొకటి కాకుండా, ముందు రెండు మండలాల్లో మొదలుపెడితే చాలు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు మాత్రం ఇవాళే అందరి ఫోన్లలో ఉండాలి.