షిమోకితజావాలోనూ ఒక టాలీవుడ్ ఉంది

జూన్‌లో టోక్యో వెళ్తున్నామంటే, చెర్రీ పూలు రాలిపోయాక వెళ్లడం ఏమిటని అందరూ అడిగారు. మేం వెళ్లింది పొట్టి సినిమాల (షార్ట్ ఫిల్మ్‌ల) కోసం.

నాకు ఈ పిచ్చి పట్టించింది 2002 నాటి 'జామ్ ఫిల్మ్స్'. ఏడుగురు దర్శకులు తీసిన ఏడు చిన్న సినిమాల సంపుటి. అప్పటికే పేరు పడ్డ ఇవాయ్ షున్‌జీ, త్సుత్సుమి యుకిహికోల పక్కనే అప్పుడప్పుడే పైకొస్తున్న కితమురా ర్యూహెయ్ కూడా ఉన్నాడు. ఇవాయ్ తీసిన 'అరిత'లో ఒకమ్మాయికి చిన్నప్పటి నుంచి తన కాగితాల మీద ఒక బుల్లి బొమ్మ కనిపిస్తూ ఉంటుంది. అందరి కాగితాల్లోనూ అలాగే ఉంటుందనుకుంటుంది పాపం. త్సుత్సుమి, కితమురా తమ సినిమాలను ఎంత చకచకా ముగించారంటే, నిర్మాత కవాయ్ షిన్యా వాళ్లిద్దరికీ పందెం పెట్టాడు: ఇద్దరు నటులు, ఒకే చోటు, వారం రోజుల్లో పూర్తి సినిమా. అలా 2003లో మరో రెండు సినిమాలు వచ్చాయి.

మొదటి మూడు రాత్రులు టోక్యోలోని షిబుయా పేటలో ఒక బిజినెస్ హోటల్లో దిగాం. ఇద్దరికీ సరిపోయే గది అని బుక్ చేస్తే, సూట్‌కేసు తెరవాలంటే ఒకరు మంచమెక్కి కూర్చోవాల్సి వచ్చింది. కానీ పొద్దున తొమ్మిదింటికే చేరిన మా సామాను రూపాయి తీసుకోకుండా దాచిపెట్టారు, బాత్రూమ్ అద్దంలా ఉంది. స్టేషన్ దగ్గరగా ఉండటం ఒక్కటే చూసుకునేవాళ్లకు ఫరవాలేదు.

షిబుయాలోనే మరుయామాచో వీధిలో యూరోస్పేస్ థియేటర్ ఉంది. ఒకే భవనంలో కింద సినిమా స్కూలు, మూడో అంతస్తులో యూరోస్పేస్, ఆ పైన పాత సినిమాలు వేసే మరో హాలు. చుట్టూ రంగురంగుల హోటళ్ల సందడి, లోపల మాత్రం గుడిలాంటి నిశ్శబ్దం. నేను వెళ్లిన ఆటకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేవు, సగం కథ ఊహించుకోవాల్సి వచ్చింది. జపనీస్ రాకపోతే ముందే కనుక్కుని వెళ్లండి.

ఆ బెంగ తీరింది ఓమోటెసాండో హిల్స్ అనే షాపింగ్ భవనంలో జరిగిన పొట్టి సినిమాల పండగలో. 1999లో నటుడు బెస్షో తెత్సుయా మొదలుపెట్టిన షార్ట్ షార్ట్స్ ఫిల్మ్ ఫెస్టివల్ అది. 2004 నుంచి ఆస్కార్ గుర్తింపు కూడా ఉంది, అంటే ఇక్కడ పెద్ద బహుమతి గెలిచిన సినిమా ఆస్కార్ పోటీకి అర్హమవుతుంది. మేం చూసిన ఆటకు టికెట్ కొననక్కర్లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో సీటు రాయించుకుంటే చాలు. సబ్‌టైటిల్స్ ఉన్నాయి, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. సినిమాకూ సినిమాకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రం లేదు, రెండోది మనసులో నిలవకముందే మూడోది వచ్చేసింది.

నాలుగో రోజు ఇనోకషిరా లైన్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కాం. షిబుయా తర్వాత మొదటి స్టాపే షిమోకితజావా. పాత బట్టల కొట్లు, చిన్న నాటకశాలలు, కర్రీ వాసన. దక్షిణం వైపు నడుస్తుంటే మా ఆవిడ నా చెయ్యి లాగింది. "ఏవండీ, అటు చూడండి, టాలీవుడ్ అని రాసుంది!"

అది నేను వెతుకుతున్న థియేటరే. 1999 డిసెంబరులో పొట్టి సినిమాల కోసమే తెరిచిన హాలు. రెండో అంతస్తు, 47 సీట్లు. షిన్‌కాయ్ మకోతో అనే దర్శకుడు దాదాపు ఒంటరిగా తన కంప్యూటర్‌లో తయారుచేసిన పాతిక నిమిషాల యానిమేషన్ 2002 ఫిబ్రవరిలో మొదట ఆడింది ఇక్కడే. మా ఊళ్లో బాల్కనీలో ఒక వరుసకు ఉన్నంత మందే మొత్తం జనం. సినిమా అయ్యాక పేర్లు పడుతున్నంతసేపూ ఒక్కరూ లేవలేదు. లైట్లు వెలిగాక ముందు వరుసలో ఒక పెద్దాయన టోపీ సర్దుకుని తెర వైపు చిన్నగా తల వంచి వెళ్లాడు. సబ్‌టైటిల్స్ ఇక్కడా లేవు, కానీ ఇక్కడ నాకు ఆ లోటు తెలియలేదు.

మిగతా రెండు రాత్రులూ ఆ పేటలోనే చిన్న బసలో ఉన్నాం. గది పెద్దది, అద్దె షిబుయా కంటే కాస్త తక్కువ, లిఫ్ట్ లేదు. మళ్లీ వెళ్తే ఐదు రాత్రులూ ఇక్కడే. యూరోస్పేస్‌కైనా ఓమోటెసాండోకైనా షిబుయా మీదుగా పోవచ్చు.

భోజనం గురించి ఒక మాట. 'జామ్ ఫిల్మ్స్'లో త్సుత్సుమి సినిమా పేరు 'హిజికీ'. అదొక నల్లటి సముద్రపు నాచు. దాన్ని క్యారెట్, వేయించిన టోఫూతో సోయాసాస్‌లో ఉడికిస్తారు. ఒక చిన్న హోటల్లో అడిగి మరీ తిన్నాను, తియ్యగా, కమ్మగా ఉంది. శాకాహారులు మాత్రం జాగ్రత్త, అందులో తరచూ ఎండుచేపతో కాచిన దాషి రసం పోస్తారు. మా ఆవిడ ఒనిగిరీలతో (అన్నం ముద్దలతో), పండ్లతో సరిపెట్టుకుంది. అయినా చివరి రోజు సూపర్‌మార్కెట్‌లో ఎండు హిజికీ పొట్లం కొన్నది తనే. ఇంట్లో పోపు పెట్టి చూస్తుందట.