చెరువుల మీద పేపరు, జోటెరో మీద రివ్యూ

కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ చుట్టుపక్కల డీటీపీ సెంటర్లలో థీసిస్ టైపింగు, స్పైరల్ బైండింగు, జర్నల్ ఫార్మాటింగు మూడూ ఒకే బోర్డు మీద ఉంటయి. మొదటి రెండు పనుల్లో వాళ్లకు వంక పెట్టలేం. తంటా అంతా మూడోదానితోనే. మార్జిన్లు, స్పేసింగు, హెడ్డింగులు చక్కగా దిద్దిపెడతరు. రిఫరెన్సుల కాడికి వచ్చేసరికి మాత్రం మనం రాసిచ్చింది రాసిచ్చినట్టే కొడతరు. రిఫరెన్సులు రాసే పద్ధతులు (స్టైళ్లు) ఏపీఏ, షికాగో అని రకరకాలు; ఏపీఏకు ఎక్కడ కామా రావాలె, షికాగోకు ఎక్కడ చుక్క రావాలె అనేది వాళ్ల పని కాదు, వాళ్లను అనుడు న్యాయం కూడా కాదు. పైగా తెలుగు ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టేవాళ్లు ఉన్నరు. అది కాగితం మీద ముద్దుగానే ఉంటది. అదే ఫైలు యూనికోడ్ అడిగే జర్నల్‌కు పంపితే అవతల తెరిచినోళ్లకు అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనపడతయి. అందుకే బైండింగు వాళ్లకు వదిలి, రిఫరెన్సులు ఇంటికి తెచ్చుకున్న. దానికి వాడుతున్నది జోటెరో, అంటే రిఫరెన్సులను దాచిపెట్టి జర్నల్ అడిగిన పద్ధతిలో పేర్చిపెట్టే సాఫ్ట్‌వేర్.

నాది చరిత్ర. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల చెరువులు, వాటి కింది సాగు, పన్నులు నా టాపిక్. అంటే నా రిఫరెన్సుల్లో సగం శాసనాలు, పాత తెలుగు పుస్తకాలు, సర్కారు రిపోర్టులు. మిగతా సగం ఇంగ్లీషు జర్నల్ వ్యాసాలు. ఆ రెండో సగానికి జోటెరో బంగారం. మొదటి సగం సంగతే కొంచెం వివరంగా చెప్పాలె.

బంగారం ఎందుకంటే, వ్యాసం డీఓఐని (జర్నల్ వ్యాసానికి ఉండే గుర్తింపు నంబరు) జోటెరోలో పైనున్న మంత్రదండం బొమ్మ నొక్కి అతికిస్తే రచయిత, సంపుటి, సంచిక, పేజీలు వాటంతట అవే వచ్చి కూర్చుంటయి. వర్డ్‌లో దాని ట్యాబ్ ఒకటి వస్తది, రాసుకుంట పోతూనే అక్కడ సైటేషన్ (ఈ మాట ఏ పుస్తకంలోదో చూపే గుర్తు) పెట్టుకోవచ్చు. చివర బిబ్లియోగ్రఫీ, అంటే వాడిన పుస్తకాల లిస్టు, అదే కడతది. ఒక జర్నల్ ఏపీఏ అడిగింది, అక్కడ కుదరలే. ఇంకొకరు వేరే స్టైల్ అడిగిన్రు. డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో స్టైల్ మారిస్తే లిస్టు మొత్తం కొత్త పద్ధతిలోకి తిరిగింది. చేత్తో అయితే వారం పని. స్టైళ్లు పది వేలకు పైనే ఉన్నయి, మీ జర్నల్ పేరు కొట్టి వెతికి చూడండి.

ఇంతా చేసి ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్రకారులు నడిపే కేంద్రంలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే ఎక్స్‌టెన్షన్‌గా మొదలైంది. చరిత్రోళ్లు పుట్టించిన సాఫ్ట్‌వేర్‌లో శాసనానికి ఒక గడి లేకపోవుడు ఏందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అవును, లేదు. పుస్తకం, థీసిస్, పత్రిక వ్యాసం, మ్యాపు, ఇంటర్వ్యూ, అన్నిటికీ రకాలున్నయి గాని శాసనానికి లేదు. మన వేయి స్తంభాల గుడిలో రుద్రదేవుని 1163 నాటి శాసనాన్ని ఎట్ల ఎక్కించాలె? నేను చేసేది ఏందంటే, శాసనం అచ్చయిన సంపుటిని పుస్తకంగా ఒక్కసారి ఎక్కిస్త. శాసనం నంబరును సైటేషన్ పెట్టేటప్పుడు సఫిక్స్ గడిలో (సైటేషన్ చివర మన మాట చేర్చే గడి) రాస్త. శాసనాలను పేజీతో కంటే నంబరుతోనే చూపుడు మన దగ్గర వాడుక కాబట్టి ఇది కుదిరింది. శక సంవత్సరం, క్రీస్తు శకం రెండూ ఇవ్వాలంటే మాత్రం ఫుట్‌నోట్‌లో నా సొంత వాక్యమే.

ఇగ పేర్లు. మా జూనియర్ ఒకాయన డ్రాఫ్టు చూపిస్తే లిస్టులో 'తెలంగాణ, జి. ఆఫ్' అని ఉంది. "తమ్మీ, ఈ సారు ఏ యూనివర్సిటీ?" అన్న. "సారు కాదక్కా, గవర్నమెంట్ ఆఫ్ తెలంగాణ!" సర్కారును కూడా ఇంటిపేరు, సొంత పేరు అని విడగొట్టి పెట్టింది జోటెరో. మందు చిన్నదే. రచయిత గడి పక్కన ఉన్న చిన్న బటన్ నొక్కితే రెండు గడులు ఒకటైతయి, సంస్థ పేరు మొత్తం అందులో రాస్తే ముట్టుకోదు. ఆ బటన్ చెప్పినందుకే తమ్మి చాయ్ తాపిండు. మనుషుల పేర్లకు ఇంత సులువు లేదు. మన దగ్గర ఇంటిపేరు ముందు పొడి అక్షరంలో ఉంటది, చివర రావో, రెడ్డో ఉంటది. క్యాటలాగుల నుంచి దించుకుంటే చివరి మాటే ఇంటిపేరై కూర్చుంటది. బిబ్లియోగ్రఫీలో 'రావు' కింద అర పేజీ. పుస్తకం టైటిల్ పేజీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటి దిద్దాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు లిపిలో రాస్తే ఇంకో తిప్పలు. షికాగో లాంటి స్టైళ్లు ప్రతి మాటకూ పెద్దక్షరం పెడతయి. లాంగ్వేజ్ గడిలో తెలుగు కోడ్, అంటే టీ, ఈ అనే రెండక్షరాలు వేస్తే ఊరుకుంటది. ఏపీఏకు ఉల్టా, వ్యాసం పేరులో మొదటి మాటకూ, కోలన్ తర్వాతి మొదటి మాటకూ, ఊరి, మనిషి పేర్ల లాంటివాటికే పెద్దక్షరం కావాలె. టైటిల్ మీద రైట్ క్లిక్ చేస్తే సెంటెన్స్ కేస్ అని వస్తది, మార్చినాక వరంగల్ చిన్నక్షరమైందేమో చూసుకోవాలె. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఉండదు కాబట్టి మంత్రదండం పనిచెయ్యదు, అన్నీ చేత్తోనే.

ఎక్కించేటప్పుడు ఏ గడీ ఖాళీ ఉంచకండి, ముఖ్యంగా ప్రచురణ ఊరు. ఏపీఏ ఏడో ఎడిషన్ 2019లో దాన్ని తీసేసింది. 2024లో వచ్చిన షికాగో 18వ ఎడిషన్ కూడా 1900 తర్వాతి పుస్తకాలకు అక్కర్లేదంది. అయితే మీరు పంపే జర్నల్ ఇంకా పాత ఎడిషన్ మీదనే ఉండొచ్చు. ఊరు ఎక్కించి ఉంటే అడిగే స్టైల్ తీసుకుంటది, అడగనిది వదిలేస్తది.

తెలుగులో రాసిన వ్యాసానికి వాడి చూసిన. పేర్లు, పుస్తకాలు తెలుగులో బాగానే వచ్చినయి, సంపాదకుడు, ఇతరులు లాంటివి మాత్రం ఇంగ్లీషులోనే పడ్డయి. చివర చేత్తో మార్చిన. తెలుగు జర్నల్‌కు మాత్రమే రాసేవాళ్లు దీనిమీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నాకు నచ్చిన ఇంకో సంగతి, మీ లిస్టులో ఉన్న వ్యాసాన్ని ఎక్కడైనా వెనక్కి తీసుకుంటే ఎర్ర పట్టీతో చెప్తది. 2019 నుంచి ఈ సౌకర్యం ఉంది. చరిత్రలో తక్కువ పడతది గాని, సైన్సోళ్లకు ఇది ఒక్కటి చాలు.

డబ్బు సంగతి. రిఫరెన్సుల వివరాలు ఎన్నయినా ఉచితంగా సింక్ అయితయి, అంటే వాళ్ల సర్వర్ మీదికి ఎక్కి మన వేరే కంప్యూటర్లకూ వస్తయి. పీడీఎఫ్‌లు కూడా వాళ్ల సర్వర్ మీద పెడితేనే 300 ఎంబీ దాటినాక కట్టాలె, 2 జీబీకి ఏడాదికి 20 డాలర్లు. స్కాన్ చేసిన శాసన సంపుటాలతో 300 ఎంబీ చూస్తుండంగనే నిండుతది. నేను ఫైళ్ల సింకు ఆపేసి పీడీఎఫ్‌లు హార్డ్ డిస్కులో ఉంచుకున్న.

జర్నల్‌కు పంపే ముందు ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీలోనే 'అన్‌లింక్ సైటేషన్స్' నొక్కండి. అప్పుడు రిఫరెన్సులు మామూలు టెక్స్టు అయితయి, అవతల ఏ వర్డ్‌లో తెరిచినా చెదరవు. అసలు ఫైలు మాత్రం అట్లనే దాచుకోవాలె. రివ్యూయర్ ఇంకో నాలుగు పుస్తకాలు కలపమంటే మళ్లీ అందులోనే పని.

అయిదుకు నాలుగు ఇస్త. పీహెచ్‌డీలో చేరినోళ్లు మొదటి నెలలోనే వేసుకోండి, సినాప్సిస్ ఇచ్చే నాటికి చెయ్యి తిరుగుతది. ఎంఏ ప్రాజెక్టుకు పది పన్నెండు పుస్తకాలుంటే దీని జోలికి పోకండి, ఒక పూట కూర్చుంటే చేత్తో అయిపోతది.