రబ్బరు బేస్ సెట్: ప్రాక్టీసుకి సరే, మరి మ్యాచ్‌కి?

బాలికల సాఫ్ట్‌బాల్ మ్యాచ్. ఫ్లై బాల్ (గాల్లోకి లేచిన బంతి) పట్టేశారు. మూడో బేస్ మీదున్న రన్నర్ బంతి ఫీల్డర్‌కి తగలకముందే కదిలిందా, ఆగి కదిలిందా? కేకలు లేచేది చాలాసార్లు ఇక్కడే. ఆ తగాదాలో బేస్‌కీ వాటా ఉంటుంది. రాజమండ్రిలో, కాకినాడలో స్పోర్ట్స్ షాపులకెళ్లి పలచటి రబ్బరు బేస్ సెట్ కొనే పీడీ మాస్టార్లు డెల్టా నేలని గుర్తుపెట్టుకుని కొనాలి.

కొలతల దగ్గర పేచీ లేదు. బేస్ 15 అంగుళాల చదరం, హోమ్ ప్లేట్ ముందంచు 17 అంగుళాలు. అడుగున గీతలున్నాయి గానీ మేకు దిగడానికి చిల్లులు లేవు. అసలు లోపం అదే.

ఎండు నేల మీద ఆ గీతలు పట్టుకుంటాయి. వాన పడి చేలగట్టు పక్క గ్రౌండు జిగటెక్కితే మాత్రం రబ్బరు కింద బురద సబ్బే. ట్యాగ్ అప్‌కి, అంటే ఫ్లై బాల్ ఫీల్డర్‌కి తగిలేదాకా బేస్ మీదే ఆగి అప్పుడు పరిగెత్తడానికి, రన్నర్ ఒక పాదం బేస్ అంచుకి ఆనించి, ఒళ్లు ముందుకు వంచి నిలబడుతుంది. బంతి ఫీల్డర్‌కి తగలగానే ఆ పాదంతోనే తన్ని లేస్తుంది. ఆ తాపుకి బేస్ జానెడు వెనక్కి పోతుంది. ఇక కాలు ఎప్పుడు వదిలిందో, బేస్ ఎప్పుడు జారిందో అంపైర్‌కి విడిగా కనబడదు. చోటు తప్పిన బేస్‌ని వెతుక్కుంటూ పోయి తొక్కక్కర్లేదని రూల్ ఉంది గానీ, ఆ వేడిలో అవతలి కోచ్‌కి అది చెప్పి ఒప్పించండి చూద్దాం!

బేస్ వేసేచోట అంగుళం మట్టి తీసి, ఇసుక పోసి, దిమ్మిసతో గట్టిగా కొట్టి పరిస్తే జారడం తగ్గుతుంది. ఊక వద్దు, కాలికింద కదులుతుంది. తర్వాత టేపు పట్టండి: బేస్‌కీ బేస్‌కీ 60 అడుగులు, హోమ్ ప్లేట్ వెనక మొన నుంచి రెండో బేస్ నడిమధ్యకి 84 అడుగుల 10¼ అంగుళాలు.

మొదటి బేస్ పక్కన వేసే నారింజ ముక్క విడిగా వస్తుంది, రెంటి మధ్యా సందు పడుతుంది. అది బ్యాటర్ తొలిసారి పరిగెత్తి వచ్చేటప్పటికే. ట్యాగ్ అప్‌కి నిలబడాల్సింది తెల్లదాని మీద. అప్పీల్‌కి, అంటే రన్నర్ ముందే కదిలిందని ఔట్ అడగడానికి, ఫీల్డర్ తొక్కాల్సిందీ తెల్లదే.

సెట్‌తో ఇచ్చే రూల్ కార్డు మాత్రం పిల్లల చేతికివ్వకండి. ‘క్యాచ్ పూర్తయ్యేదాకా బేస్ వదలరాదు’ అని అచ్చేశారు. తప్పు. ఫీల్డర్‌కి బంతి మొదట తగిలిన క్షణం చాలు, తడబడి మూడుసార్లు ఎగరేసి పట్టినా సరే. ఫౌల్ ఫ్లై (ఫౌల్ గీత బయట లేచిన బంతి) పట్టినా ఇదే లెక్క. బేస్ వెనకనుంచి పరుగందుకుని వచ్చి, తొక్కుతూ సాగిపోవడం కుదరదు.

ఇంకో కలగాపులగం: పిచర్ చేతిలోంచి బంతి వదలకముందే రన్నర్ కదిలితే అంపైర్ తనంతట తానే డెడ్ బాల్ (ఆట ఆగింది), నో పిచ్ (ఆ బంతి లెక్కలోకి రాదు), రన్నర్ ఔట్ అంటాడు. ఫ్లై మీద ముందు కదిలితే అలా కాదు. అప్పీల్ చెయ్యకపోతే అంపైర్ నోరు విప్పడు. పిచర్ తర్వాతి బంతి వెయ్యకముందే, ఫీల్డర్ బంతి పట్టుకుని రన్నర్ ముందే వదిలిన బేస్‌ని తొక్కాలి, లేదా రన్నర్‌ని బంతితో తాకాలి (ట్యాగ్ చెయ్యాలి). బంతి డెడ్ అయ్యుంటే నోటిమాట చాలు.

పైగా ఈ ఔట్‌ని కార్డు ‘ఫోర్స్ ఔట్’ (బ్యాటర్ పరిగెత్తి రావడంతో రన్నర్ తర్వాతి బేస్‌కి పోక తప్పనప్పుడు పడే ఔట్) అంది. అక్కడే స్కోరు మారిపోతుంది. ఒక ఔట్ అయింది, మొదటి బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు. సెంటర్‌లో క్యాచ్ పట్టారు, రెండో ఔట్. మూడో బేస్ రన్నర్ సరిగ్గా ఆగి హోమ్ చేరింది. మొదటి బేస్ అమ్మాయి తొందరపడింది, బంతి అక్కడికి వచ్చి అప్పీల్‌తో మూడో ఔట్ పడింది. అప్పీల్‌కి ముందే హోమ్ తొక్కితే ఆ పరుగు చెల్లుతుంది. ఫోర్స్ ఔటే అయితే చెల్లేది కాదు.

మ్యాచ్‌లకి పట్టీలూ మేకులూ ఉన్న కాన్వాస్ బేస్‌లే కొనండి. రబ్బరువి ప్రాక్టీసుకి ఉంచుకుని, ఆట అవ్వగానే కొబ్బరిపీచుతో తోమించండి. నల్లమట్టి ఒకసారి పట్టేస్తే తెలుపు తిరిగి రాదు, అంపైర్‌కి బూటూ బేసూ ఒకే రంగులో కనిపిస్తాయి.